సెలవు మరునాడు

హైదరాబాదు,
19 నవంబరు 2023

అక్కా,

ఫోన్ చేస్తే ప్రతిసారీ వీరేష్ బావే ఎత్తుతున్నాడు. "మీ అక్క నిద్రపోయిందమ్మా" అంటాడు. వెనక నీ గాజుల చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. నిద్రలో గిన్నెలు తోమే మనిషిని నిన్నొక్కదాన్నే చూశాను. చివరికి బావే చెప్పాడు, ఇకమీదట నువ్వు కాగితం మీద రాస్తావట, తను ఫోటో తీసి పంపుతాడట. ఇదేం కొత్త వేషం? సరే, నేనూ కాగితమే పట్టాను. అక్షరాలు చిన్నవిగా కనిపిస్తే వేళ్లతో సాగదీసి చదువుకో.

మొన్న శుక్రవారం మా కాలేజీకి రకరకాల సంస్థలవాళ్లు వచ్చారు. ప్రజారోగ్యం చదివినవాళ్లకు ప్రపంచంలో ఎక్కడెక్కడ ఏమేం పనులుంటాయో చెప్పడానికి. ఒకాయన ఏ దేశానికి ఎన్ని టీకాలు పోవాలో లెక్కలు వేస్తాడు. ఒకామె పదేళ్లుగా దోమల మీద నివేదికలు రాస్తోంది. ఆమె చేతుల మీద ఒక్క దోమకాటు లేదు, పనిగట్టుకుని చూశాను. ఇంకొకాయన కొండ ఊళ్లలో తిరిగి టీబీ ఉన్నవాళ్లను వెతికి మందులు మింగించేవాడు. ఆయన చెప్పులు మాత్రం ఒక పక్కకు అరిగిపోయి ఉన్నాయి. ఆయన బల్ల దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డాను.

"మీదే ఊరు?" అన్నాడు. ఎమ్మిగనూరు అన్నాను, నాన్న మగ్గం నేస్తాడని, అక్క ఆదోనిలో పత్తి గింజ తీసే జిన్నింగ్ మిల్లులో పని చేస్తుందని చెప్పాను. "అయితే మీ ఇంట్లో నూలుకు మొదలూ చివరా రెండూ ఉన్నాయి" అన్నాడు. అర్థం కాకపోయినా నవ్వాను. అర్థం కానప్పుడు నవ్వడం ఈ నగరంలో నేర్చుకున్న మొదటి విద్య.

ఏ పని పట్టాలో తెలియడం లేదక్కా. ఒకచోట కూర్చుంటే కాళ్లు గుంజుతాయి, తిరుగుదామంటే ఎటు పోవాలో తెలియదు. నీతో కూర్చుని మాట్లాడితే తేలుతుందనిపిస్తోంది. జనవరి ఇరవైన మాకు పట్టాలిస్తారు. నాన్న వస్తానన్నాడు. అమ్మ పోయాక నాకు జడ వేసి బడికి పంపింది నువ్వు. నువ్వు రాకపోతే ఆ పట్టా ఎవరికి చూపించను?

మంజు


ఆదోని,
29 నవంబరు 2023

మంజూ,

నీ కాగితం మీ బావ ఒకసారి చదివి వినిపించినాడు, మళ్లా నేను చదువుకున్నా. ఆయప్ప చదివితే ఆటో రేట్లు చెప్పినట్లే ఉంటాది.

నాకొకటి తెలీక అడుగుతాండా. నువ్వు సూది వెయ్యవు, మాత్ర ఇయ్యవు, నాడి పట్టవు. అయినా డాక్టర్లు ఎట్ల చెయ్యాలో నువ్వు చెప్తావు. ఇది అత్తగారి ఉద్యోగం కదమ్మే! మా అత్త బతికున్నన్ని దినాలు ఇదే చేసింది, ఆమెకి ఎవురూ పట్టా ఇయ్యల్యా.

మిల్లులో నా పక్కన పత్తి ఏరే హుసేనమ్మకి చెప్పినా, మా చెల్లెలు ప్రపంచమంతా ఆరోగ్యం చూసే చదువు చదివిందని. "అట్లనా? ప్రపంచం ముగించుకొని మన వీధికి వచ్చేసరికి మనం ఉంటామా లతమ్మా, సెప్పు" అనింది. అందరం నవ్వినాం. నవ్వితే దగ్గు, దగ్గితే మళ్లా నవ్వు.

జనవరికి రావాలనే ఉండాది. కానీ నాకు సెలవు పడదు. నవ్వొద్దు, ఇది మిల్లులో అందరికీ తెలిసిన సంగతే. ఆదివారం ఇంట్లో ఉంటే సోమవారం లోపల కాలు పెట్టేసరికి రొమ్ము మీద తాడేసి బిగించినట్లు అయితాది. దగ్గు, ఒళ్లు కాగుడు. మంగళవారం కొంచెం నయం, బేస్తవారానికి మనిషినైతా. ఎండాకాలం మూసిన మిల్లు మళ్లా తెరిసిన దినం నువ్వు చూడాల, సగం మంది గోడకి ఆనుకొని కూచోనుంటారు. అంటే ఏమి? దూది అలవాటు తప్పకూడదు. ఒకదినం తప్పితే ఒళ్లు మరిసిపోతాది. నేను ఈ సంగతి కనిపెట్టి, మేస్త్రిని అడిగి ఆదివారం గూడా పోతాండా. బయట అరుగుల మీద ఊడ్చేది, ఏరేది ఉంటాది. అప్పట్నుంచి సోమవారం అంత బాధ లేదు. హుసేనమ్మకీ చెప్పినా, ఇంకో నలుగురికి చెప్పినా. ఇప్పుడు మేమంతా సెలవు ఎగ్గొట్టినోళ్లం! దినం బెల్లం ముక్క ఒకటి చప్పరిస్తే గొంతులో నుసి దిగిపోతాది.

రెండు దినాలు సెలవు పెట్టి నీ కాడికి వస్తే, తిరిగొచ్చినాక వారమంతా పడుకోవాల. చూస్తాలే.

ఉగ్గాని తింటాండావా, ఆడ బొరుగులు దొరకవా?

అక్క


హైదరాబాదు,
6 డిసెంబరు 2023

అక్కా,

సెలవు పడని మనిషి గురించి హాస్టల్లో చెబితే గదంతా నవ్వింది. సోమవారం పనికి పోవాలంటే గుండె పట్టేయడం మా ప్రొఫెసర్లకు కూడా ఉందే! నువ్వేదో ఆదోనిలో కనిపెట్టినట్టు రాశావు. రావడం ఇష్టం లేకపోతే లేదని చెప్పు, దానికి ఇంత కథ ఎందుకు?

కానీ దగ్గు అన్నావు చూడు, అక్కడ ఆగాను. ఎన్నాళ్లుగా? కఫం పడుతోందా, ఏ రంగు? అందులో రక్తపు చార ఉందా? సాయంత్రాలు జ్వరం వస్తోందా? జాకెట్లు వదులయ్యాయా? ఇవి సరదాకు అడగడం లేదు. ఈ ఆరు నెలలూ నాకు టీబీ గురించే నేర్పారు. రేపే సర్కారు ఆస్పత్రికి వెళ్లి కఫం పరీక్ష చేయించుకో. బావకు విడిగా చెప్పాను. నువ్వు చేయించుకునే దాకా రోజూ ఆయన ఫోన్ మోగిస్తాను, సవారీలు పోయినా సరే.

రిపోర్టు వచ్చాక హాయిగా బస్సెక్కు.

మంజు


ఆదోని,
9 జనవరి 2024

మంజూ,

నువ్వు గెలిస్తివి. పోయినా, చేయించుకున్నా. టీబీ కాదు! మీ బావ ఆస్పత్రి గేటు కాడనే పాలకోవా కొన్నాడు. మిల్లులో అందరికీ పంచినా. "మా చెల్లెలు హైదరాబాదులో కూచొని నా కఫం చూసింది" అంటే హుసేనమ్మ, "అంత దూరం కనపడుతాదా ఆ పాపకి? అయితే నా మోకాలు గూడా సూడమను" అనింది.

డాక్టరమ్మ మంచామె. యాడ పని చేస్తావు, ఎన్నేండ్ల నుంచి అని అడిగింది. కర్నూలు పోయి ఊపిరితిత్తుల డాక్టరుకి ఒకసారి చూపించమనింది. టీబీ కాదన్నాక ఇంక ఏముంటాది? కర్నూలు పోతే మళ్లా ఒకదినం మిల్లు తప్పాల. పత్తి దండిగా వస్తాంది ఇప్పుడు, ట్రాక్టర్లు మార్కెట్ యార్డు దాటి రోడ్డు మీద నిలబడుతాండాయి.

సరేలే, నీ పట్టా పండగకి వస్తాండా. సోమవారం పడుకుంటే పడుకుంటా. నీలం చీర తీసి పెట్టినా. నాన్న నేసింది, నా పెండ్లికి. మాటిస్తాండా.

అక్క


హైదరాబాదు,
28 జనవరి 2024

అక్కకు,

నాన్న ఒక్కడే దిగాడు. "మీ అక్కకి కడుపు నొప్పి" అన్నాడు, నా మొహం కాకుండా ఫ్యాన్ చూస్తూ. నాన్నకు అబద్ధం ఆడటం రాదు. ఆడాల్సి వస్తే పక్కనున్న వస్తువు ఎంతకు కొన్నారని అడుగుతాడు. ఆ రోజు ఫ్యాన్ ధర అడిగాడు, కుర్చీ ధర అడిగాడు, నా గౌను అద్దెకు తెచ్చిందని తెలిసి దాని అద్దె కూడా అడిగాడు.

నీకు కోపం అని నాకు తెలుసు. పోయిన ఏడు బావ తమ్ముణ్ణి చేసుకోనన్నాను కదా. అప్పటి నుంచే నువ్వు ఫోన్లో మాట్లాడటం మానేశావు. దానికి మిల్లు, సోమవారం, అలవాటు అని ఎన్ని సాకులక్కా! మొహం మీద తిట్టినా బాగుండేది. పేరు పిలిచినప్పుడు నేను వేదిక ఎక్కుతూ రెండో వరసలో నీలం చీర కోసం వెతికాను. ఎవరో ఒకామె నీలం చీరలో ఉంది. ఆమెను చూసే నవ్వాను.

రెండు ఉద్యోగాలు వచ్చాయి. ఒకటి ఢిల్లీలో, ఏసీ గదిలో దేశాల లెక్కలు చూసే పని. ఇంకొకటి మలావీలో, ఆఫ్రికాలో ఒక చిన్న దేశం, టీబీ పని మీద పల్లెలు తిరగాలి. ఏది పట్టాలో నిన్ను అడుగుదామనుకున్నాను. ఇప్పుడు అడగను. మలావీకి సంతకం చేశాను. మార్చిలో ప్రయాణం.

మంజు


ఆదోని,
11 ఫిబ్రవరి 2024

మంజూ,

బావ తమ్మునికి పెండ్లయి నాలుగు నెలలాయె. ఆ సంగతి నాకు గుర్తే లేదు. నువ్వు గుర్తు పెట్టుకున్నావు.

కోపమనే అనుకో. నాకేమీ ఇబ్బంది లేదు.

పో. తిరిగే పని నీకు సరిపోతాది, చిన్నప్పుడే నువ్వు ఇంట్లో నిలిచింది లేదు. ఆ దేశంలో జొన్నలు పండుతాయా? ఉప్పు, కారప్పొడి కట్టిచ్చి పంపుతా, బావ ఎమ్మిగనూరు పోయినపుడు నాన్నకి ఇస్తాడు. ఎండలో తిరిగేటప్పుడు తలకి గుడ్డ కట్టుకో.

అక్క


బలాకా, మలావీ,
14 జులై 2024

అక్కా,

ఇది రాయడానికి ముందే బావకు ఫోన్ చేశాను. "అక్కతో మాట్లాడించు" అని గొడవ చేస్తే నువ్వు చెయ్యి ఊపి వద్దన్నావట. అందుకే రాస్తున్నాను. కూర్చుని చదువు. నా మీద ఎంత కోపం ఉన్నా చివరి దాకా చదువు.

ఇక్కడ కూడా పత్తి పండుతుందని నీకు చెప్పనే లేదు. ఇది వాళ్లకు జిన్నింగ్ కాలం. టీబీ పరీక్షల కోసం నిన్న ఒక మిల్లుకు వెళ్లాం. గేటు దాటగానే నీ కొంగు వాసన వచ్చింది, అదే పత్తిగింజ వాసన. ఆడవాళ్లు మూతులకు గుడ్డలు కట్టుకుని కూర్చున్నారు. రెప్పల మీద తెల్లగా నుసి. నేను అందరినీ కఫం గురించి అడుగుతూ పోతున్నాను. నా పక్కన చికొండి అని ఇక్కడి నర్సు. ఆమె కఫం ఊసే ఎత్తలేదు. ఒక్కొక్కరినీ ముందు ఇదే అడిగింది: "వారంలో ఏ రోజు నీకు ఛాతీ బిగుస్తుంది?"

అందరూ సోమవారం అన్నారు. ఒక్కరు కూడా వేరే రోజు చెప్పలేదు.

ఈ మాట నువ్వు నాకు నవంబరులోనే రాశావు. తాడేసి బిగించినట్లు అని రాశావు. నేను హాస్టల్లో చదివి నవ్వించాను.

అది సెలవు వల్ల వచ్చేది కాదు. దూది దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు. వారమంతా దుమ్ము పీలుస్తుంటే ఒంటికి తిమ్మిరెక్కినట్టై బాధ తెలియదు. ఒకరోజు విడుపు దొరికితే ఊపిరితిత్తులు తేరుకుంటాయి, మర్నాడు దుమ్ము తగలగానే అరుస్తాయి. ఆ సోమవారపు బాధ, వద్దని చెప్పడానికి ఒళ్లు వేసే కేక. నువ్వు ఆదివారాలు కూడా పోయి ఆ కేక నొక్కేశావు. కేక ఆగింది, జబ్బు ఆగలేదు. మొదట్లోనే పని మానేస్తే తగ్గిపోతుందట. ఏళ్లు గడిస్తే తగ్గదట. బెల్లం ఏమీ చేయదక్కా.

ఆ డాక్టరమ్మ కర్నూలు వెళ్లమన్నదని నువ్వు రాశావు. అది కూడా చదివాను. టీబీ కాదన్న మాట దగ్గరే సంతోషపడి ఆగిపోయాను.

మిల్లు ఇప్పుడు మూసే ఉంటుంది. తెరిచేలోగా కర్నూలు పో. పోయి ఏమన్నారో రాయి.

నీ మంజు


ఆదోని,
4 ఆగస్టు 2024

మంజూ,

కర్నూలు పోయొస్తిమి. గొట్టంలోకి ఊదమన్నారు. చిన్నపిల్లోళ్లు బుడగ ఊదినంత గూడా ఊదలేకపోతి. ఆ పరీక్ష చేసే పిల్లోడు మళ్లా మళ్లా "గట్టిగా అమ్మా, గట్టిగా" అంటాడు. ఇంతకంటే గట్టి యాడనుంచి తెచ్చేది? డాక్టరు నువ్వు రాసిందే చెప్పినాడు. మిల్లు పక్కకి పోవద్దన్నాడు. పోయింది మళ్లా రాదు, ఉన్నది కాపాడుకో అన్నాడు. పీల్చే మందు ఇచ్చినాడు.

ఇంక దాచేదానికి ఏమీ లేదు. నేను ఫోన్ ఎత్తకపోయింది కోపంతో కాదు. నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసం, దగ్గు. నువ్వు ఆ చదువు చదువుతాండావు, వింటే పట్టుకుంటావు, చదువు ఇడిసిపెట్టి వచ్చేస్తావని కాగితం పట్టినా. కాగితం దగ్గదు కదా.

నీ పట్టా దినం నేను రాల్యా అనుకుంటాండావు. బయలుదేరినా. నీలం చీర కట్టుకొని ఎమ్మిగనూరు దాకా వస్తి. ఆడ బస్టాండులో హైదరాబాదు బస్సు మెట్లెక్కేటప్పుడు ఊపిరి అందల్యా. కండక్టరు పైకి లాగుతాడు, నాన్న కిందనుంచి తోస్తాడు, నేను మధ్యలో. జనమంతా చూస్తాండారు. దిగేస్తి. నాన్నతో ఒట్టు పెట్టించుకున్నా, పాపకి చెప్పొద్దు, కడుపు నొప్పి అని చెప్పు అని. బావ ఆటోలో వచ్చి తీసకపోయినాడు.

దానికి నాకు బాధ లేదు. నీ మీద గూడా లేదు, నువ్వు కఫం రంగు అడిగితివి, నేను రంగు చెప్తి. నాకున్న బాధ వేరే. సెలవు పెట్టొద్దని హుసేనమ్మకి చెప్పింది నేను. ఆయమ్మ ఆదివారాలు ఇంట్లో పడుకొనేది, మనవరాలికి తల దువ్వేది. "అలవాటు తప్పితే చస్తావు" అని చేయి పట్టుకొని ఈడ్చకపోయినా. ఇప్పుడు ఆయమ్మ నాకంటే ఎక్కువ దగ్గుతాంది. పోయి చెప్పాలంటే నాకు మొగం లేదు.

అక్క


బలాకా,
11 ఆగస్టు 2024

అక్కా,

నేను వచ్చేస్తున్నాను. మా పెద్దాయనతో మాట్లాడాను. ఇక్కడి పని బాగా చేశానని నన్ను జెనీవాలోని పెద్ద ఆఫీసుకు పంపుతామన్నారు. నాకు ఆదోని కావాలన్నాను. మిల్లుల్లో ఎంతమందికి ఈ జబ్బుందో లెక్కపెట్టే పని ఇప్పించండి అన్నాను. ఆయన మంచివాడే. చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బు కాదు, అందుకని దీని మీద డబ్బు పెట్టేవాళ్లు దొరకరు అన్నాడు. నీ దగ్గు విమానమెక్కి ఇంకో దేశానికి పోదు కాబట్టి నిన్ను చూసి ఎవరూ భయపడరు. ప్రపంచ ఆరోగ్యం అంటే ఏమిటని అడిగావు కదా, నాకు ఇప్పుడు కొంచెం తెలిసింది.

జీతం లేకపోయినా వస్తాను. రావద్దని రాయకు.

మంజు


ఆదోని,
15 ఆగస్టు 2024

మంజూ,

రావద్దు. నా కోసం ఆ ఉద్యోగం ఇడిసిపెట్టి వస్తే నీ మొగం చూడను, తలుపు తీయను. నా ఊపిరి ఎట్లనో పోయింది, నీ పని గూడా పోగొట్టి నేనేం చేసుకోవాల? నాకు మందులుండాయి, మీ బావ ఉండాడు.

ఒట్టు.

అక్క


ఆదోని,
12 నవంబరు 2024

మంజూ,

నిన్న సోమవారం మిల్లు తెరిసినారు.

అంతకు ముందు దినం హుసేనమ్మ ఇంటికి పోయినా. మీ బావ ఆటోలో వాకిలి దాకా దించినాడు. మన వీధి నుంచి పనికి పోయేవాళ్లందరినీ పిలిపించినా. ఆగి ఆగి చెప్పినా. నేను చెప్పింది తప్పు, సెలవు మంచిదే, దుమ్మే చెడ్డది, నన్ను చూడండి అన్నా. మూతికి గుడ్డ గట్టిగా కట్టుకోండి, కుదిరితే వేరే పని చూసుకోండి అన్నా.

అందరూ చెవులు అప్పగించి విన్నారు. నేను ముగించినాక ఏసమ్మ లేచింది, పడుచుపిల్ల, నోరు పెద్దది. "పోయిన ఏడు సెలవు పెట్టొద్దంటివి. ఈ ఏడు పనికే పోవద్దంటాండావు. వచ్చే ఏడు ఊపిరే తీసుకోవద్దంటావేమో" అనింది. నవ్వినారు. నాకూ నవ్వొచ్చింది మంజూ, బాగా అనింది. నవ్వలేక దగ్గినా. ఆ దగ్గు చూసి అందరూ నవ్వు ఆపేసినారు. ఒకరెనక ఒకరు లేచి పోయినారు.

నిన్న పొద్దున సైరన్ కూసింది. నేను గడప మీద కూచోనుంటి. అందరూ మా వాకిలి ముందు నుంచే పోయినారు, టిఫిన్ డబ్బాలు పట్టుకొని. కొందరు తల తిప్పుకున్నారు. ఏసమ్మ మాత్రం మూతికి గుడ్డ కట్టుకొని పోయింది, నాకు కనపడాలనే కట్టుకున్నట్లు. హుసేనమ్మ ఒక్కతే ఆగింది. నా పక్కన కూచొని కొంచెం సేపు ఊపిరి తీసుకునింది. నాకు తెలుసు, ఆగింది నా కోసం కాదు, ఆయాసం వచ్చి.

"నువ్వు సెప్పింది నిజమే లతమ్మా" అనింది. "నాకు ముందే తెలుసు. ఒంట్లోది ఒంటికి తెలీదా? కోసిగిలో మా చెల్లెలోళ్లు గుంటూరు పక్కకి మిరపకాయలు తెంపేకి పోయినారు, ఇల్లు తాళమేసి. నాకు ఆడికి పోయే ఓపిక లేదు. ఈడ ఇదొక్కటే పని. పని మానుకుంటే మనవరాలికి ఏం పెట్టాల? దేశాలు తిరిగి నేర్సుకుంది కదా మీ సెల్లెలు, అడిగి సెప్పు. నేను సాయంత్రం ఇట్లనే వస్తా."

లేచి పోయింది. సాయంత్రం వచ్చింది. తలంతా తెల్లగా దూది. వాకిట్లో నిలబడి నా మొగం చూసింది. చెల్లెలికి రాస్తా అని చెప్పినా. ఈ దినం గూడా వస్తాది.

ఇది రాసేదానికి మూడుసార్లు పడుకొని లేచినా. మిల్లుకి పోకపోయినా ఈ మధ్య దినమంతా రొమ్ము బిగుసుకొనే ఉండాది, సోమవారమని లేదు, ఏ వారమని లేదు. మీ బావ ఆటో తియ్యకుండా ఇంట్లోనే ఉండాడు. ఏమీ లేకపోతే ఆయప్ప ఇంట్లో ఉండడు, నీకు తెలుసు కదా.

ఆగస్టులో రావద్దని ఒట్టేసి రాస్తి. ఆ ఒట్టు తీసేస్తాండా. హుసేనమ్మకి ఏం చెప్పాలో నీకు తెలిస్తే రా. తెలీకపోయినా రా.

లత